బ్రిటన్‌లో పక్కింటి గార్డెన్‌లో ఎయిర్‌గన్ మోత.. చట్టం ఎవరి వైపు? అసలు లెక్కంతా ఫెన్స్ దగ్గరే!

వీకెండ్ వచ్చిందంటే చాలు.. పక్కింటి గార్డెన్‌లోంచి టప్.. టప్.. అంటూ శబ్దం. ఫెన్స్ మీంచి చూస్తే ఆయన చేతిలో తుపాకీ! ఇవతల మీ పిల్లలు ట్రాంపొలిన్ మీద ఎగురుతున్నారు. గుండె ఝల్లుమంటుంది. వెళ్లి అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒక్కటే.. "ఇది లీగల్. నా గార్డెన్, నా ఇష్టం."

చదువులు, ఉద్యోగాల కోసం బ్రిటన్ వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది కొత్త అనుభవమే. మనకు ఎయిర్‌గన్ అంటే జాతరలో బుడగలు పేల్చేది, లేదంటే తోటలో కోతుల్ని బెదిరించేది. అక్కడ మాత్రం ఇంటి వెనుక టార్గెట్ పెట్టుకుని కాల్చడం చాలామందికి హాబీ. ఇంగ్లండ్, వేల్స్‌లో మామూలు ఎయిర్‌గన్‌కు లైసెన్స్ కూడా అక్కర్లేదు.

మరి పక్కింటాయన మాట నిజమేనా? సగమే నిజం. గన్ లీగలే. కానీ ఆ "నా ఇష్టం" అన్నది ఫెన్స్ వరకే. అసలు చట్టం ఏం చెబుతోంది, మీరేం చేయొచ్చు, ఏం చేయకూడదు.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు?

బ్రిటన్‌లో తుపాకుల మూల చట్టం 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. దాని కింద ఇంగ్లండ్, వేల్స్‌లో లెక్క ఇలా ఉంటుంది. ఎయిర్ రైఫిల్ శక్తి 12 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 16 జౌల్స్ దాటకూడదు. ఎయిర్ పిస్టల్ అయితే 6 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 8 జౌల్స్ దాటకూడదు. ఈ పరిమితి దాటని మామూలు ఎయిర్‌గన్‌ను 18 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు.

అలాగని అందరికీ కాదు. మూడు నెలలు లేదా అంతకు మించి, మూడేళ్ల లోపు జైలు శిక్ష పడినవాళ్లు ఐదేళ్ల పాటు ఎయిర్‌గన్ ముట్టుకోకూడదు. మూడేళ్లు, ఆపైన శిక్ష పడితే జీవితాంతం నిషేధమే.

ఫెన్స్ దాటిందా.. నేరమే!

గొడవలన్నింటికీ కీలకం ఇదే. తన స్థలంలో నిలబడి కాల్చినా సరే, పెల్లెట్ ఆ స్థలం హద్దు దాటి బయటికి వెళ్తే అది నేరం. ఎవరికీ తగలకపోయినా నేరమే. "పొరపాటున ఎగిరొచ్చింది" అని తేలిగ్గా తీసేయడానికి లేదు. దీనికి 1,000 పౌండ్ల వరకు జరిమానా ఉంటుంది. అవతలి స్థలంలో ఉంటున్నవాళ్లు ముందే అనుమతి ఇచ్చి ఉంటే తప్ప, తప్పించుకోవడం కష్టం.

ఇంకో రూల్ కూడా ఉంది. రోడ్డు మధ్య నుంచి 50 అడుగుల లోపల కాల్చి, దానివల్ల రోడ్డు మీద వెళ్లేవారికి దెబ్బ తగిలినా, ఆగిపోవాల్సి వచ్చినా, ప్రమాదం ఏర్పడినా అదీ నేరమే. చిన్న చిన్న ఇళ్లు ఉన్న వీధుల్లో ఇంటి ముందు గార్డెన్ ఈ 50 అడుగుల లోపలే ఉంటుంది.

ఫ్లాట్స్‌లో ఉండేవాళ్లు గమనించాల్సింది మరొకటి. నలుగురు వాడుకునే కామన్ గార్డెన్ ఏ ఒక్కరి సొంతం కాదు. సరైన కారణం లేకుండా పబ్లిక్ ప్లేస్‌లో ఎయిర్‌గన్ పట్టుకుని తిరగడం, అనుమతి లేకుండా ఇతరుల స్థలంలోకి దాంతో వెళ్లడం.. రెండూ వేర్వేరు నేరాలు.

చిన్న పెల్లెట్టే కదా.. అంత భయమెందుకు?

సుమారు అర గ్రాము బరువున్న పెల్లెట్, పూర్తి శక్తితో కాల్చితే సెకనుకు 240 మీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది. పైకి గురిపెడితే వందల మీటర్లు వెళ్తుంది. గార్డెన్ పొడవేమో చాలా ఇళ్లలో 10, 20 మీటర్లే. కంటికి తగిలితే చూపు పోవచ్చు. పిల్లలకు ప్రాణాపాయం కూడా.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2005లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో రెండేళ్ల బాబు ఎయిర్‌గన్ పెల్లెట్ తగిలి చనిపోయాడు. 2016లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో 13 ఏళ్ల అబ్బాయి ఇలాగే ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాతే, 2017లో ఎయిర్‌గన్ నిబంధనలపై బ్రిటన్ ప్రభుత్వం సమీక్ష మొదలుపెట్టింది.

అందుకే పక్కింటివాళ్ల భయాన్ని "అతి" అని కొట్టిపారేయలేం. అదే సమయంలో పద్ధతిగా కాల్చే మనిషిని నేరస్తుడిలా చూడటమూ సరికాదు. ఇదే గన్‌తో ఒలింపిక్స్‌లో పోటీ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. తేడా గన్‌లో లేదు.. టార్గెట్ వెనుక ఏముందన్న దాంట్లో ఉంది.

ఇంట్లో పిల్లలుంటే ఈ రూల్స్ తప్పనిసరి

- 18 ఏళ్లు నిండనివారికి ఎయిర్‌గన్ అమ్మకూడదు. గిఫ్ట్‌గా ఇవ్వడమూ నేరమే.
- 14 నుంచి 17 ఏళ్ల వాళ్లు ప్రైవేటు స్థలంలో, ఆ స్థలం వాళ్ల అనుమతితో కాల్చొచ్చు.
- 14 ఏళ్ల లోపు పిల్లలు కాల్చాలంటే 21 ఏళ్లు నిండిన పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పెల్లెట్ హద్దు దాటేలా వదిలేస్తే ఆ పెద్దమనిషి మీదే కేసు.
- 18 ఏళ్ల లోపు వాళ్ల చేతికి గన్ చిక్కకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. 2011 నుంచి ఇది చట్టం. నిర్లక్ష్యం చేస్తే 1,000 పౌండ్ల వరకు జరిమానా.

పిల్లి కనిపించడం లేదా? పావురాల్ని కొడుతున్నారా?

పక్కిళ్ల మధ్య గొడవ ముదిరేది చాలాసార్లు ఇక్కడే. పెంపుడు పిల్లి కుంటుకుంటూ ఇంటికొస్తుంది. వెటర్నరీ డాక్టర్ ఎక్స్‌రే తీస్తే లోపల పెల్లెట్! పిల్లి తమ గార్డెన్‌లోకి వచ్చి మొక్కలు పాడుచేసిందన్నది సాకు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో జంతుహింసకు 2021 నుంచి గరిష్ఠంగా ఐదేళ్ల జైలు శిక్ష ఉంది.

పక్షుల విషయంలోనూ అంతే. 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద అడవి పక్షులన్నింటికీ రక్షణ ఉంది. పావురాల వంటి కొన్నింటిని పంట నష్టం, ప్రజారోగ్యం లాంటి కారణాలతో, జనరల్ లైసెన్స్ షరతులకు లోబడి మాత్రమే చంపొచ్చు. సరదాకి కొట్టడానికి ఏ లైసెన్సూ లేదు.

పక్కింట్లో కాలుస్తుంటే మీరేం చేయాలి?

ముందుగా ఒక్క నిమిషం గమనించండి. గన్ ఎటువైపు గురిపెట్టి ఉంది? టార్గెట్ వెనుక ఇటుక గోడ ఉందా, పలచటి చెక్క ఫెన్స్ ఉందా, ఏమీ లేదా? మీ వైపు కాకుండా, గట్టి అడ్డు పెట్టుకుని కాలుస్తుంటే ప్రమాదం చాలా తక్కువ. ఫెన్స్‌నే అడ్డుగా వాడుకుంటుంటే మాత్రం ఊరుకోవద్దు.

1. మాట్లాడండి. కాల్చడం ఆపాక, తలుపు తట్టి నెమ్మదిగా అడగండి. "మీరు కాల్చకూడదు" అంటే గొడవ మొదలైనట్టే. "మా పిల్లలు ఆడుకుంటారు, పెల్లెట్ ఇటు రాకుండా ఏం పెట్టారో ఒకసారి చూపిస్తారా" అని అడిగితే చాలామంది చూపిస్తారు. కాల్చే టైమ్ ముందే మెసేజ్ చేయమని కోరండి.

2. రాసి పెట్టుకోండి. తేదీ, టైమ్, ఏం జరిగింది.. అంతే. మీ గార్డెన్‌లో పెల్లెట్ దొరికితే ఉన్నచోటే, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. ఫెన్స్‌కు చిల్లు పడినా, గ్రీన్‌హౌస్ అద్దం పగిలినా అలాగే. చాలా పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు.

3. వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మీ కెమెరా పక్కింటి గార్డెన్ వైపు తిప్పి పెడితే, ప్రైవసీ ఫిర్యాదు మీ మీదకే రావచ్చు.

4. పోలీసులకు ఎప్పుడు? పెల్లెట్లు మీ వైపు వస్తుంటే, ఎవరికైనా తగిలితే, గన్ చూపించి బెదిరిస్తే వెంటనే 999. పాత సంఘటన గురించి చెప్పాలంటే, అత్యవసరం కాకపోతే 101. ఫోన్‌లో కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి. "తుపాకీతో మనిషి తిరుగుతున్నాడు" అంటే సాయుధ పోలీసులు రావచ్చు. "ఎయిర్‌గన్‌లా ఉంది, గార్డెన్‌లో టార్గెట్ మీద కాలుస్తున్నారు, పెల్లెట్ మా వైపు వచ్చింది" అని చెబితే పరిస్థితి వాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది.

బెదిరింపు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎదుటివారిని భయపెట్టే ఉద్దేశంతో గన్ చేతబట్టడం చాలా పెద్ద నేరం. పదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ఎయిర్‌గన్ అయినా ఇదే రూల్.

గొడవ శబ్దం గురించే అయితే?

ఈ పెల్లెట్ ధ్వని వేగాన్ని దాటదు. కాబట్టి పెద్ద తుపాకీలా చెవులు పగిలే మోత ఉండదు. తరచూ చిరాకు పెట్టేది పెల్లెట్ వెళ్లి రేకుకో, డబ్బాకో తగిలే ఠంగ్ ఠంగ్ శబ్దమే. అది గంటల తరబడి, రోజూ సాగితే లోకల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 1990 నాటి పర్యావరణ చట్టం కింద అది న్యూసెన్స్ అవుతుందా అని కౌన్సిల్ చూస్తుంది. పద్ధతి లేకుండా పదే పదే ఇబ్బంది పెడుతుంటే 2014 చట్టం కింద కౌన్సిల్ గానీ పోలీసులు గానీ నోటీసు ఇవ్వొచ్చు. దాన్ని పట్టించుకోకపోతే జరిమానా.

అంటే గన్ లీగల్ అయినంత మాత్రాన, వాడే తీరు కూడా లీగల్ అని కాదు.

మీరే కాల్చేవాళ్లైతే..

- టార్గెట్ వెనుక గట్టి అడ్డు పెట్టండి. ఇనుప పెల్లెట్ ట్రాప్, ఇసుక నింపిన పెట్టె లాంటివి పనికొస్తాయి. గురి తప్పినా ఆగేలా అది టార్గెట్ కన్నా చాలా పెద్దగా ఉండాలి.
- రాయి, ఇటుక, నీళ్ల మీదకు కాల్చొద్దు. పెల్లెట్ తుళ్లి ఎటైనా పోతుంది. గుండ్రటి స్టీల్ బీబీలు ఇంకా ఎక్కువ తుళ్లుతాయి.
- గన్ ఎప్పుడూ కిందికే. ఫెన్స్ పైకి, చెట్ల మీదకు వద్దు.
- పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. అడ్డు ఎలా పెట్టారో మీరే పిలిచి చూపించండి.
- అవతల పిల్లల మాటలు వినిపిస్తే ఆపేయండి. కాల్చే హక్కు మీకున్నా, వాళ్లకు కలిగే భయం నిజమైనదే.
- కారులో పెట్టేటప్పుడు గన్ ఖాళీ చేసి, కవర్‌లో పెట్టండి.
- అద్దె ఇల్లైతే అగ్రిమెంట్ చదవండి, ఓనర్‌ను అడగండి.

ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది!

చాలామందికి తెలియని విషయం ఇది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇల్లు అమ్మేటప్పుడు నింపే ప్రాపర్టీ ఇన్ఫర్మేషన్ ఫారంలో పక్కింటివాళ్లతో గొడవలున్నాయా అన్న ప్రశ్న ఉంటుంది. దాచిపెట్టి అమ్మితే, కొన్నవాళ్లు తర్వాత కోర్టుకు వెళ్లొచ్చు. ఫిర్యాదు చేసినవాళ్లకూ, చేయించుకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పిల్లల భద్రతకు ముప్పు ఉంటే దీనికి భయపడి ఆగొద్దు. కానీ చిన్న చిరాకుల్ని మాటలతోనో, మధ్యవర్తి ద్వారానో తేల్చుకుంటే ఇద్దరికీ మంచిది.

స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లో రూల్స్ వేరు

స్కాట్లాండ్‌లో 2016 డిసెంబర్ 31 నుంచి ఎయిర్‌గన్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి. సరైన కారణం ఉందా, ప్రజల భద్రతకు ముప్పు లేదా అని పోలీసులు చూశాకే ఇస్తారు. ఉత్తర ఐర్లాండ్‌లో ఒక జౌల్ శక్తి దాటిన ఎయిర్‌గన్‌కు సర్టిఫికెట్ కావాలి. ఇంగ్లండ్‌లో కొన్న గన్‌ను కారులో వేసుకుని గ్లాస్గో తీసుకెళ్తే చిక్కుల్లో పడినట్టే.

మరి మన దగ్గర?

మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఎయిర్‌గన్ శక్తి 20 జౌల్స్ దాటినా, గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్స్ కావాలి. అంతకంటే తక్కువైతే అక్కర్లేదు. అయితే నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణం మీదకు తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది. కుక్కనో, మరే జంతువునో చంపినా, అవిటిదాన్ని చేసినా 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. నెమళ్లు, చిలుకల్ని కొడితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు.

ఎక్కడైనా సూత్రం ఒక్కటే. గన్ చేతిలో ఉన్నవాళ్లు పెల్లెట్ ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవాలి. పక్కన ఉన్నవాళ్లు కోపంతో కాదు, చూసిన వివరాలతో మాట్లాడాలి. పెల్లెట్ ఫెన్స్ ఇవతలికి వచ్చిందంటే మాత్రం మొహమాటపడొద్దు.. వెంటనే ఫోన్ చేయండి.