ఛుట్టీ ఎవరిది?

గుడుపల్లె, కుప్పం స్టేషన్లలో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కే జనం చాలామంది. కట్టుబడి పనికీ, ఫ్యాక్టరీకీ, దుకాణానికీ పోయి రాత్రికి ఇల్లు చేరే ఆ జనంలో మా వాళ్లూ ఉన్నారు. బిసానత్తం దాటాక రాష్ట్రం మారుతుంది. సెలవుల చట్టమూ మారుతుంది. ఇవతల 1974 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, అవతల 1963 నాటి కర్ణాటక చట్టం. రంజాన్ పండుగనాడు రైలెక్కాలా వద్దా అన్నది మాత్రం ఎవరూ ఆ చట్టాలు చదివి తేల్చుకోరు. పోకపోతే కూలి పోతుంది. అంతే లెక్క.

పండుగ గురించి, అస్తిత్వం గురించి మనం చాలా రాసుకున్నాం. పండుగపూట కూలి గురించి తక్కువ రాసుకున్నాం. అందుకే సెలవు చరిత్రను కాస్త తిరగెయ్యాలి.

ఈ దేశంలో కార్మికుడికి సెలవును ఎవరూ దానంగా ఇవ్వలేదు. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం నెలకు నాలుగు సెలవులిచ్చింది, అదీ పిల్లలకే. పెద్దల మాట ఎత్తలేదు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి కొట్లాడాక, 1890 జూన్‌లో యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు వారపు సెలవు చట్టంలోకెక్కింది. దొరలకు ఆదివారం చర్చి రోజు. లోఖండే దాన్ని ఖండోబా దేవుడి వారంగా కూడా చూపించాడు. నిజాం రాజ్యంలో ఆఫీసులకు శుక్రవారం సెలవుండేది. ఆ రాజ్యం పోయాక జుమ్మా ఛుట్టీ కూడా పోయింది.

సెలవుల్లోకి మతాన్ని తేవద్దని మాకు హితవు చెప్పే లౌకిక మిత్రులు ఈ సంగతి గమనించాలి. క్యాలెండర్‌లో చాలా ఎర్ర అంకెల వెనుక ఏదో ఒక మతమో, రాజ్యమో, పోరాటమో ఉంది. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం మిలాదున్నబీకి సెలవు ప్రకటిస్తే బుజ్జగింపు అన్నవాళ్లున్నారు. మిగతా ఎర్ర అంకెలకు ఆ పేరు పెట్టినవాళ్లు మాకు కనిపించలేదు.

గుడుపల్లె మండలంలోనే బిసానత్తం, చిగురుగుంట బంగారు గనులుండేవి. భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. గనికి పండుగ తెలియదు. నీళ్లు తోడే పంపు ఆగితే గని మునుగుతుంది. ఎవరో ఒకరు పనిలో ఉండాల్సిందే. 1952 నాటి గనుల చట్టం ఆ అవసరాన్ని ఒప్పుకుంటూనే, వారానికి ఆరు రోజులకు మించి పని చేయించరాదంది. విశ్రాంతి రోజు పోతే ఆ నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో బదులు రోజు ఇవ్వాలంది. 2025 నవంబరులో లేబర్ కోడ్‌లు ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చాయి. ఆరు రోజుల హద్దు వాటిలోనూ ఉంది.

1974 చట్టం పండుగను కూడా హక్కుల్లో చేర్చింది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజులతో పాటు కొన్ని పండుగలకు జీతంతో సెలవివ్వాలి. ఏ పండుగలన్నది యజమానినీ, ఉద్యోగులనూ సంప్రదించి ఇన్‌స్పెక్టరు నిర్ణయించాలి. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు కూలి, లేదా ఆ రోజు కూలితో పాటు జీతంతో మరో రోజు సెలవు.

మాట బాగానే ఉంది. కానీ ఇరవై మందిలో ఒక్కడు సాయిబు అయితే ఆ సంప్రదింపులో అతని గొంతు ఎంత? పైగా జాబితా ముందే తయారవుతుంది. మా పండుగ ఇరవై తొమ్మిదో సాయంత్రం ఆకాశంలో తేలుతుంది. సర్కారు ఒక ఉత్తర్వుతో తేదీ మార్చుకోగలదు. ప్రైవేటు కొలువులో అది మేనేజరు దయ. 2025 రంజాన్ నెలలో రెండు తెలుగు రాష్ట్రాలూ ముస్లిం ఉద్యోగులను గంట ముందు ఇంటికి పంపాయి. సంతోషమే. కానీ సర్కారు కొలువుల్లో మా వాటా ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ చెప్పనే చెప్పింది. మిగిలిన మెకానిక్కుకూ, బీడీలు చుట్టే ఆమెకూ, చాంద్‌రాత్ దాకా పరుల బట్టలు కుట్టే దర్జీకీ ఆ గంట ఎవరిస్తారు?

మేము పత్రికల్లో పనిచేసినవాళ్లం. దీపావళి రాత్రి డెస్కులో మేము కూర్చునేవాళ్లం, ఈద్‌నాడు హిందూ మిత్రులు మా వంతు చూసేవారు. ఎవరూ కాగితం రాసుకోలేదు. ఒక ఏడు కొత్త ఇన్‌ఛార్జి వచ్చి, జాబితాలో తేదీ రేపు కాదు కదా, డ్యూటీకి రండన్నాడు. నమాజు చదివి, సేమ్యా గిన్నె అట్లాగే వదిలేసి పోయాం. స్నేహం మీద నిలిచిన సెలవు మనిషి మారితే పోతుందని ఆనాడు తెలిసింది. అది హక్కయితే పోదు.

ఈ మాట మా వాకిట్లోనూ అనాలి. మా సాయిబుల దుకాణాల్లో పనిచేసే హిందూ కుర్రాడికి ఉగాది నాడు, క్రైస్తవ అమ్మాయికి క్రిస్మస్ నాడు కూలి కొయ్యకుండా సెలవిస్తున్నామా? ఇవ్వకపోతే మా రంజాన్ కోసం అడిగే నోరు మాకు ఉండదు.

చంద్రుడు కనిపించిన రాత్రి, రేపు రానని చెప్పినవాడికి ఎల్లుండి పనీ ఉండాలి, రేపటి కూలీ అందాలి. మేము అడుగుతున్నది అదే.