వేదికెక్కాల్సిన వీణ

నర్సీపట్నం మన్యానికి గుమ్మం. ఊరు దాటి కొండలవైపు పోతే చింతపల్లి, మైదానం వెంట ఈశాన్యంగా పోతే విజయనగరం, ఆ పైన బొబ్బిలి. ఇప్పుడు ఈ ఊళ్లు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి గానీ, 1950లో శ్రీకాకుళం జిల్లా విడిపోయేదాకా అన్నీ ఒక్క విశాఖపట్నం జిల్లావే. అందుచేత బొబ్బిలి వీణ కథ ఒక్క బొబ్బిలిది కాదు, మన ప్రాంతమంతటిదీ. ఆ కథను ఇప్పుడు మళ్లీ తిరగేయడానికి కారణం వాద్యకారులందరినీ వేధించే ఒక ప్రశ్న. తన దగ్గరున్న వాద్యాల్లో అన్నిటికన్నా విలువైనదాన్ని కచేరీకి తీసుకెళ్లాలా? లేక దాన్ని ఇంట్లో భద్రంగా ఉంచి, పోయినా ఫరవాలేదనుకునే మరో వాద్యంతో వేదికెక్కాలా? లక్షల డాలర్ల గిటార్లున్న పాశ్చాత్య కళాకారులకు ఈ సందేహం ఉంది. తాతల నాటి వీణ ఇంట్లో ఉన్న వైణికులకూ ఉంది. జాగ్రత్తలన్నీ తీసుకుని ఆ గొప్ప వాద్యాన్నే వేదిక మీద వాయించాలన్నది నా వాదన. ఉత్తరాంధ్ర వీణ చరిత్రే దానికి మొదటి సాక్ష్యం.

బొబ్బిలి అనగానే తెలుగువాళ్లకు 1757 జనవరి 24 నాటి యుద్ధం గుర్తొస్తుంది. సంగీతం తెలిసినవాళ్లకు వీణ కూడా గుర్తొస్తుంది. బొబ్బిలిని ఆనుకునే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. సంస్థానం ఆదరణలో పెరిగిన పని ఇది. బాగా చేవదేరిన పనస మొద్దును ఎంచుకుని, కుండ నుంచి దండి దాకా అతుకు లేకుండా ఒకే చెక్కలో తొలుస్తారు. దాన్నే ఏకాండి వీణ అంటారు. పనస తేలికైన చెక్క, చెదను తట్టుకుంటుంది, నాదం బాగా పలుకుతుంది. దండి మీద మైనం పరిచి దానిపై ఇరవైనాలుగు మెట్లు కూరుస్తారు. వాయించడానికి నాలుగు తీగలు, తాళానికి మూడు. ఈ నిర్మాణంలోనే ఒక కీలకమైన సంగతి ఉంది. మైనం శాశ్వతం కాదు. ఎండకు మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కుతుంది. తీగ రాపిడికి మెట్లకు గాట్లు పడతాయి. అప్పుడు మెట్లన్నీ తీసి, స్వరం చూసుకుంటూ మళ్లీ కట్టాలి. అంటే వీణ ఒక్కసారి చేసి పక్కన పెట్టేసే వస్తువు కాదు. వాయించేవాడి దగ్గరినుంచి చేసేవాడి దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తూ పోతూ ఉండాల్సిందేనని దాన్ని మొదట రూపొందించినవాళ్లకే తెలుసు.

సంస్థానాల కాలంలో మంచి వీణ ఉండాల్సిన చోటు విద్వాంసుడి ఒడి. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి స్వయంగా వీణ నేర్చినవాడు. వీణ వేంకటరమణదాసు ఆ సంస్థానంలో ఆస్థాన వైణికుడు. పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విన్న రవీంద్రనాథ్ టాగూర్ ఆయన్ను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నాడు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడుగా విజయనగరంలో సంగీత పాఠశాల మొదలైంది. కోటలో మోగిన వీణ ఆ తర్వాత బడిపిల్లల చేతికీ వచ్చింది. వైణికులైన వాసా వంశం వారు ఆ సంప్రదాయాన్ని పాఠంగా మలిచారు. 1948లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీల ఆదాయం పోయింది, ఆస్థాన పదవులూ పోయాయి. కోట గోడల మధ్య కూర్చున్న వాద్యం అక్కడే వస్తువుగా మిగిలింది. కచేరీలకూ రేడియో కేంద్రాలకూ బయల్దేరిన వాద్యమే సంప్రదాయాన్ని మోసుకొచ్చింది. తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర నేర్చుకున్న ఈమని శంకరశాస్త్రి మద్రాసు సినిమా స్టూడియోకూ, ఆకాశవాణికీ, ఢిల్లీకీ వీణను తీసుకెళ్లాడు. ఆయన శిష్యుడు చిట్టిబాబు దాన్ని సినిమా పాటలు తప్ప వేరే సంగీతం వినని వాళ్ల ఇళ్లలోకి కూడా చేర్చాడు. రాజపోషణ కూలిపోయినా వీణ బతికిందంటే, దాన్ని దాచిపెట్టకుండా ఊరూరా తిప్పినందువల్లే.

విలువ ఎక్కడ పుడుతుందో గిటార్ల ప్రపంచం మరింత స్పష్టంగా చూపిస్తుంది. కర్ట్ కోబెయిన్ 1993లో ఎంటీవీ కార్యక్రమంలో వాయించిన మార్టిన్ గిటార్ 2020 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో దాదాపు 40 లక్షల డాలర్లకు పోయింది. ఎరిక్ క్లాప్టన్ పాత గిటార్లు విప్పి, వాటి భాగాలు కలిపి చేయించుకున్న ‘బ్లాకీ’ 2004లో 9,59,500 డాలర్లు తెచ్చింది. ఈ మూడూ కర్మాగారంలో తయారైన వాద్యాలో, వాటి ముక్కలో. అదే అచ్చులో వచ్చిన వేరే గిటార్లకు ఆ ధరలో చాలా చిన్న భాగమే పలుకుతుంది. తేడా అంతా వేదిక తెచ్చిపెట్టిందే. విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ గిటార్‌కు వాయించిన ఒరిపిడితో పెద్ద చిల్లు పడింది. ఆయన దాన్ని ‘ట్రిగ్గర్’ అని పిలుచుకుంటూ ఐదు దశాబ్దాలకు పైగా దానితోనే కచేరీలు చేస్తున్నాడు. పగుళ్లు వచ్చినప్పుడల్లా బాగు చేయించుకున్నాడు. ఆ చిల్లు వాద్యం విలువను తగ్గించిందని ఎవరూ అనరు. వేదిక ఇచ్చిన విలువను కాపాడతామంటూ వాద్యాన్ని వేదికకే దూరం చేయడం ఎంత అసంగతమో ఈ లెక్కలే చెబుతున్నాయి.

దీనికి మొదటి అభ్యంతరం ప్రమాదం. అది చిన్నదేమీ కాదు. 1936లో కార్నెగీ హాల్లో బ్రోనిస్లావ్ హ్యూబర్మన్ కచేరీ చేస్తుండగా, గదిలో ఉన్న ఆయన స్ట్రాడివేరియస్ వయొలిన్‌ను దొంగ ఎత్తుకుపోయాడు. అర్ధశతాబ్దం దాకా దాని ఆచూకీ తెలియలేదు. 1999లో యో-యో మా 1733 నాటి చెల్లోను న్యూయార్క్ ట్యాక్సీలో మరిచిపోయాడు. అదృష్టం కొద్దీ ఆ రోజే దొరికింది. 2014లో మిల్వాకీలో ఫ్రాంక్ ఆల్మండ్ కచేరీ ముగించుకుని బయటికి వస్తుంటే, విద్యుత్ ఆయుధంతో ఆయన్ను పడేసి వయొలిన్ లాక్కుపోయారు. కానీ ఈ సంఘటనల్ని జాగ్రత్తగా చూడండి. నష్టం జరిగింది విడిది గదిలో, కారులో, వాహనాలు నిలిపే చోట. వాయిస్తుండగా ఎక్కడా జరగలేదు. 2015లో ఒక హాలీవుడ్ సినిమా చిత్రీకరణలో 1870ల నాటి మార్టిన్ గిటార్‌ను, నకలు అనుకుని నటుడు పగలగొట్టాడు. మ్యూజియం నుంచి అరువు తెచ్చిన వాద్యమది. ఆ దుర్ఘటనకు కారణం ప్రదర్శన కాదు, దాని విలువ తెలియని చేతుల్లో పెట్టడం. కాబట్టి ఈ ఉదాహరణలు కోరేది గట్టి పెట్టె, బీమా, వాద్యాన్ని ఒక్క క్షణం వదలని తోడు మనిషి. మౌనం కోరడం లేదు. హ్యూబర్మన్ వయొలిన్ చివరికి జాషువా బెల్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని మళ్లీ వేదికల మీదే వాయిస్తున్నాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. మళ్లీ చేయలేని వాద్యాన్ని అరగదీసే హక్కు మనకెక్కడిది అంటారు. పనస మొద్దులు మునుపటిలా దొరకవు. ఏకాండికి సరిపడే పెద్ద చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. చెక్క కరవైతే పని ఏమవుతుందో నర్సీపట్నం వాళ్లకు వేరే చెప్పాలా? దగ్గర్లోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్లు అంకుడు కర్ర దొరక్క పడిన కష్టం కళ్లముందే ఉంది. అయితే ఐరోపా ఈ ప్రశ్నకు రెండు జవాబులిచ్చింది. 1716 నాటి ‘మెస్సయ’ స్ట్రాడివేరియస్ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో కొత్తదానిలా మెరుస్తూ, ఎవరూ వాయించకుండా ఉంది. 1743 నాటి ‘కానోన్’ వయొలిన్‌ను విద్వాంసుడు పగనీని జెనోవా నగరానికి రాసిచ్చాడు. ఆ నగరం దాన్ని కాపలా మధ్య భద్రపరిచి, ఎంచిన సందర్భాల్లో, ఎంచిన విద్వాంసుల చేత వాయింపిస్తోంది. ఒకటి తయారీ రహస్యాన్ని పరిశోధకుల కోసం భద్రపరిచింది. రెండోది సంగీతాన్ని కూడా నిలిపింది. తీగల బిగువుకే చిట్లిపోయేంత బలహీనపడిన వీణ ఉంటే దాన్ని వాయించకూడదు, అద్దాల వెనకే ఉంచాలి. అందులో నాకు సందేహం లేదు. కానీ అలాంటివి బహు కొద్ది. ఆరోగ్యంగా ఉన్న వాద్యాలన్నిటికీ మనం అనుసరించాల్సింది జెనోవా దారి.

మూడో అభ్యంతరం శాస్త్రం నుంచి వస్తుంది. క్లాడియా ఫ్రిట్జ్ బృందం 2012, 2014, 2017లలో ప్రచురించిన పరిశోధనల్లో, ఆరితేరిన వయొలిన్ కళాకారులు కళ్లకు గంతలతో పాత ఇటాలియన్ వయొలిన్లనూ కొత్తవాటినీ సరిగ్గా వేరుచేయలేకపోయారు. వాయించినవాళ్లూ, విన్నవాళ్లూ చాలాసార్లు కొత్తవాటివైపే మొగ్గారు. ఇక హాల్లో మైకులోంచి వినేవాడికి పాత వీణ అయితేనేం, నిన్నటి వీణ అయితేనేం, ఎలక్ట్రానిక్ వీణ అయితేనేం అని అడగొచ్చు. ఈ ఫలితాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అది ఇటు కూడా పనిచేస్తుంది. వీణలో గమకం తీగను మెట్టు మీద పక్కకు లాగి తీసేది. ఎంత లాగితే ఏ స్వరం పలుకుతుందో ఏళ్ల సాధనతో వేళ్లు ఆ ఒక్క వాద్యం మీద కంఠస్థం చేస్తాయి. శ్రోత చెక్కను గుర్తించకపోవచ్చు, ఆ చేతి ధైర్యాన్ని మాత్రం వింటాడు. ప్రయాణాలకు విడదీసే వీణ, సాధనకు ఎలక్ట్రానిక్ వీణ ఉపయోగపడతాయి. ఎన్నో ఏళ్ల పరిచయం ఉన్న వాద్యాన్ని ముఖ్యమైన కచేరీకి దూరం పెడితే, వైణికుడు తన సామర్థ్యంలో ఒక భాగాన్ని ఇంట్లోనే వదిలి వచ్చినట్టు. పైగా ఆ పరిశోధన చెప్పిన అసలు శుభవార్త ఏమిటంటే, ఈనాటి చేతులూ గొప్ప వాద్యాలు చేయగలవు. అరిగిపోయినదాని స్థానంలో మరొకటి పుట్టే అవకాశం ఉందన్నమాట.

ఆ అవకాశం నిలవాలంటే తయారీదారు బతకాలి. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. కానీ ఈ రోజు ఆ పేరుతో ఎక్కువగా మనకు కనిపించేది సన్మానాల్లో ఇచ్చే చిన్న వీణ. అద్దాల పెట్టెలో చూడముచ్చటగా ఉంటుంది, పలకదు. ఆ బొమ్మ వీణ అనేక కుటుంబాలకు అన్నం పెడుతోంది, దాన్ని చులకన చేయడం తప్పు. అయినా శ్రుతికి మెట్లు కట్టే చెవి, దండి మందం ఎక్కడ ఎంత ఉంచాలో తెలిసిన చేయి బొమ్మలు చేస్తే నిలవవు. కచేరీ వీణ మరమ్మతుకు వచ్చినప్పుడు, ‘ఈ మెట్టు దగ్గర అపశ్రుతి పలుకుతోంది’ అని విద్వాంసుడు చెప్పినప్పుడే ఆ విద్య పదునెక్కుతుంది. గొప్ప వీణలన్నీ బీరువాల్లోకి వెళ్లిపోతే ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. ఒక తరం గడిస్తే బీరువాలోని వీణను మళ్లీ పలికించాలనుకున్నా మెట్లు కట్టేవాళ్లు దొరకరు. అప్పుడు మనం భద్రపరిచామనుకున్నది ఎంత చూసినా మూగచెక్కే.

అందుకే వైణికులకూ, వారిని పిలిచే సభలకూ చెప్పాల్సింది ఒక్కటే. తాతల నాటి వీణను, ఖరీదైన వీణను, బహుమతిగా వచ్చిన ఏకాండిని కచేరీకి తీసుకురండి. ముందు దాని ఫొటోలు, కొలతలు రాసి పెట్టుకోండి. బీమా చేయించండి. విమానంలో సామాన్ల గదికి పంపకండి. నడి వేసవిలో ఎండలో నిలిపిన కారులో వదలకండి. మెట్లను తయారీదారు చేతే కట్టించుకోండి, ఆ శ్రమకు తగిన ధర ఇవ్వండి. పిలిచేవాళ్లు రవాణా, బీమా ఖర్చులను కళాకారుడి పారితోషికంలో కలపకుండా విడిగా భరించాలి. విజయనగరంలో పాఠశాల పెట్టినవాళ్లు కోటలోని విద్యను బయటి పిల్లలకు పంచారు. మంచి వీణను వేదిక మీదికి తేవడం ఆ పనికి కొనసాగింపు. నర్సీపట్నంలో ఒక పిల్ల వీణ నేర్చుకోవాలని తల్లిదండ్రుల్ని అడగాలంటే, ఆ పిల్ల ముందుగా ఒక గొప్ప వీణను దగ్గరనుంచి, మోగుతుండగా విని ఉండాలి.