వేట అడవి నుంచి నీటి అభయం దాకా

పోచారం చెరువును ఎవరూ పక్షుల కోసం కట్టలేదు. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో కట్ట పని మొదలైనప్పుడు అందరి చూపూ వరి మడుల మీదే ఉంది. 1922లో పని పూర్తయింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు కాలువ నీళ్లు పారాయి. చెరువును ఆనుకుని ఉన్నది నిజాం ప్రభువుల వేట అడవి. అక్కడా జంతువులకు రక్షణ ఉండేది. కానీ అది తుపాకీ కోసం దాచిపెట్టిన రక్షణ. ఊరివాళ్లు ముట్టకూడదు, దొరలు వచ్చి వేటాడాలి.

పంట చెరువు, వేట అడవి పక్కపక్కన నిలిచిన ఆ చోటే తర్వాత అభయారణ్యమైంది. జంతువును కాపాడాలంటే ముందు దాని నీటిని కాపాడాలన్న ఎరుక మనకు మెల్లమెల్లగా ఎలా కలిగిందో చెప్పే కథ ఇది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న కామారెడ్డి జిల్లాలో మొదలుపెట్టినా, ఈ కథ సముద్రం దాకా పోక తప్పదు.

పోచారం అడవి ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరితే వాగుల్లో ఇసుక తేలుతుంది. అప్పుడు చెరువే దిక్కు. దుప్పులు, కణుతులు, నీలుగాయిలు దాని అంచుకు చేరతాయి. వాటి వెనకే చిరుత వస్తుంది. ఈ అడవిలోని కొండగొర్రె భారత్, నేపాల్ దేశాల్లో తప్ప అడవుల్లో ఇంకెక్కడా లేదు. మగదానికి నాలుగు కొమ్ములుంటాయి. తరచూ నీళ్లు తాగాల్సిన జీవి కాబట్టి నీటికి దూరంగా మనలేదు.

పక్షుల సంగతి ఇంకా ముచ్చటైనది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా రెండు దవడల నడుమ సందు ఉంటుంది. ఆ ముక్కుతోనే నత్తను పట్టి, గుల్లలోంచి మెత్తటి కండను లాగి తింటుంది. రైతు కోసం పారిన నీరు మడిలో నత్తను పెంచింది, నత్త కొంగను పిలిచింది. చలికాలంలో తలపై రెండు నల్లచారలున్న పెద్దబాతులు వస్తాయి. వీటినే బార్ హెడెడ్ గూస్ అంటారు. మధ్య ఆసియా, టిబెట్ నుంచి హిమాలయాలు దాటి దక్కనుకు దిగే పక్షులివి. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్ పలచటి గాలిలోంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగలదు. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అంత కొండ దాటి వచ్చేది దిగడానికి ఇంత నీరు, మేయడానికి కొంత గడ్డి దొరుకుతాయనే.

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో, 1952లో పోచారం అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు వేటకు గీసిన హద్దే వేటను ఆపే హద్దుగా మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, దాదాపు దేశమంతటికీ ఒకే కట్టుబాటు ఏర్పడింది.

అయితే అప్పటిదాకా అభయం అంటే అడవే గుర్తొచ్చేది. నీటికి కూడా హద్దు గీయవచ్చని మనకు నేర్పింది మొసలి. చర్మం కోసం సాగిన వేటతో మన నదుల్లో మొసళ్లు అంతరించే దశకు వచ్చాయి. 1975లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల తోడ్పాటుతో మొసళ్ల పరిరక్షణ పథకం మొదలుపెట్టింది. పద్ధతి సులువైనదే. గుడ్లు తెచ్చి పొదిగించడం, పిల్లలు శత్రువును తట్టుకునేంత ఎదిగేదాకా సాకడం, ఆపైన నదిలో వదలడం. కానీ వదిలిన నదిలో నెమ్మది లేకపోతే ఆ శ్రమంతా వృథా. అందుకే 1978లో సంగారెడ్డి దగ్గర మంజీర నదినే, దాని మడుగులూ లంకలూ కలిపి అభయారణ్యంగా ప్రకటించారు. మగ్గర్ మొసలికి అది ఇల్లయింది. హైదరాబాద్ నగరం తాగే నీళ్లలో కొన్ని కూడా ఆ మంజీరవే.

అదే 1978లో గోదావరి డెల్టాలో, కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యం ఏర్పడింది. కోరింగ, గాడేరు పాయల నడుమ మడ అడవులు, సముద్రానికి అడ్డంగా సాగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, అక్కడ గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, చేపలు పట్టే బావురుపిల్లి, నీటికుక్కలు అన్నీ కలిపి 235 చదరపు కిలోమీటర్లకు పైనే. అయితే తాబేలు గీత లోపలే ఉండదు. అందుకే ట్రాల్ వలల్లో తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టాలన్న నియమం కూడా వచ్చింది. హద్దు గీస్తే సరిపోదు, హద్దు బయటి నడత కూడా మారాలని సముద్రం మనకు నేర్పింది.

ఇక్కడే పోచారం మళ్లీ కథలోకి వస్తుంది. దాని మత్తడి దుంకిన నీళ్లు మంజీరలో కలిసి నిజాంసాగర్ చేరతాయి. అక్కడ్నుంచి కందకుర్తి దగ్గర గోదావరిలో పడి, చివరికి సముద్రం బాట పడతాయి. 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్‌లో మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని సామర్థ్యం పడిపోయింది. గేట్ల ఎత్తు పెంచుకున్నా నేడు పట్టేది 17.8 టీఎంసీలే. ఆ పూడిక అంటే నది మోసుకొచ్చిన ఒండ్రు. మడ అడవి వేళ్లూనుకునేది అలాంటి ఒండ్రు మీదే. గోదావరి మీద, ఉపనదుల మీద ఆనకట్టలు పెరిగాక డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గిపోయింది. ఎగువన మన పొలం కోసం ఆపిన నీటి లెక్క దిగువన తీరం నేలలో తేలుతుంది.

కట్టలు వద్దని కాదు, అవి లేకుంటే ఇక్కడ పంట లేదు, ఆ కొంగా లేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను వరద ముంచెత్తినప్పుడు వందేళ్లు దాటిన పోచారం కట్టడం నిలబడింది. అంత నీరు వచ్చినప్పుడు వాగుకు పారేందుకు దారి కావాలని ఆ వరద మరోసారి తెలిపింది. లింగంపేట పెద్దవాగు మొదలు చెరువులోకి వచ్చే ప్రతి పాయనూ కబ్జా లేకుండా, ఇసుక తోడేయకుండా చూసుకోవడమే మన వంతు అభయం. జంతువుకు గీసిన హద్దు నదికి, ఆపైన సముద్రానికి పాకింది. ఇక దాన్ని మన ఊరి వాగుదాకా తెచ్చుకోవాలి. గ్రామ పంచాయతీలు తలుచుకుంటే అది అయ్యే పనే.