ఓటు మనది, నోటిఫికేషన్ ఢిల్లీది: మధ్యలో మన మాట యాడుండాది?

2024 మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున మా నాయన పాణ్యం బస్టాండు కాడ టీ తాగుతాంటే, పక్కన కూర్చున్న దలారి ఫోన్ చూసి చెప్పినాడంట: "అన్నా, బయటి దేశం శనగలకు పన్ను ఎత్తేసినారు." మా పప్పుశనగ బస్తాలు అప్పటికింకా నంద్యాల గోడౌన్లోనే ఉన్నాయి. ఇంకో రెండు నెలలు ఆగి అమ్ముదామని ఆయన లెక్క. ఇంటికొచ్చి నన్నడిగినాడు. "ఎవుర్నడిగి ఎత్తేసినార్రా?" డిగ్రీ చదివినోణ్ణి కదా, వీనికి తెల్సుంటాదిలే అనుకున్నాడు. నాకేం తెల్సు?

తర్వాత కూర్చొని చదివినాను. ఆ చదివిందంతా ఈడ చెప్తాండ, ఏంటికంటే ఈ ప్రశ్న మా నాయన ఒక్కనిది కాదు.

ముందు శనగ సంగతి. 2017 డిసెంబరులో కేంద్రం దిగుమతి శనగల మీద 30 శాతం సుంకం వేసింది. 2018 ఫిబ్రవరిలో 40 చేసింది, మార్చిలో 60కి తీసుకుపోయింది. 2024 మేలో దేశీ శనగలకు మొత్తం తీసేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ 10 శాతం పెట్టింది. ఇన్నిసార్లు మారింది కదా, పార్లమెంటులో ఎన్నిసార్లు చర్చ జరిగి మారిందని అడగొద్దండి. కస్టమ్స్ చట్టం 1962లో 25వ సెక్షన్ అని ఒకటి ఉండాది. ప్రజా ప్రయోజనం కోసమని కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి సుంకం తగ్గించొచ్చు, ఎత్తేయొచ్చు. ఆ కాగితం పార్లమెంటు ముందుకు తర్వాత పోతాది. అడిగేది ముందు కాదు, చెప్పేది తర్వాత.

ఆ నోటిఫికేషన్ తప్పని నేను అనడం లేదు. పట్నంలో పప్పు రేటు పెరిగితే కూలి చేసుకునే ఇంట్లో కుండ ఖాళీ అయితాది, సర్కారు దాన్ని చూసుకోవాల్సిందే. శనగ ధర ఒక్క సుంకంతోనే ఎక్కదు, దిగదు కూడా. వానలుండాయి, పక్క రాష్ట్రాల పంటుండాది, గోడౌన్ల నిల్వలుండాయి. నా గొడవల్లా ఒకటే. తినేవాడి కష్టం, పండించేవాడి కష్టం రెండూ ఒకే బల్ల మీద పెట్టి ఇద్దరితో మాట్లాడించినోళ్ళు యాడా లేరు. విత్తనం విషయంలో చూడండి, యంత్రంతో కోయడానికి వీలుగా చెట్టు ఎత్తుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 శనగ రకం మన నంద్యాల పరిశోధన స్థానం నుంచే వచ్చింది. కోతకు కూలోళ్ళు దొరకడం లేదన్న రైతు బాధ కొత్త విత్తనమై వచ్చింది. అదే రైతు ధర గురించి నోరు తెరిస్తే మాత్రం వినేవాడు కనపడడు.

ఓటు బరువు తక్కువేం కాదు

"మనం ఓటేసి పంపినాం కదా, ఆడ వాళ్ళు చూసుకుంటారు" అంటారు మా ఊర్లో పెద్దోళ్ళు. నంద్యాల ఓటు చరిత్ర చూస్తే ఆ మాటలో గర్వం ఎందుకుండాదో అర్థమైతాది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కు పోయినాయి. మిగిలిన ఒక్కటి మన నంద్యాల. ఆడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడే లోక్‌సభ స్పీకరయినాడు, జూలైలో రాష్ట్రపతి అయినాడు. 1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయినప్పుడు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే తెలుగుదేశం పోటీ పెట్టలేదు, ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిపించి పంపినాం.

అయితే తారీఖులు ఒకసారి చూడండి. దేశం ఆర్థిక దిశను మార్చిన కొత్త పారిశ్రామిక విధానం 1991 జూలై 24న వచ్చింది. మనం ఓటేసింది నవంబరులో. అంటే విధానం ముందు, ఓటు తర్వాత. ఒక ప్రధానిని ఎన్నుకున్న నియోజకవర్గానికి కూడా ఆయన తెచ్చిన అతి పెద్ద విధానం మీద ముందుగా మాట చెప్పే దారి లేకపాయ. ఇది పీవీ మీద ఫిర్యాదు కాదు. ఓటుతో మనిషిని ఎన్నుకుంటాం. ఆయన చేసే ఒక్కో పనినీ ఎన్నుకోలేం. ఐదేండ్లకోసారి పడే ఓటులో శనగ సుంకం, కరెంటు చట్టం, చదువుల విధానం, అన్నీ కలిపి ఒకే మీట నొక్కాల.

ముప్పై రోజులు

మరి ఓటుకూ ఓటుకూ మధ్య దారులే లేవా అంటే, ఉండాయి. మనకు చెప్పినోళ్ళు లేరు. 2014 జనవరిలో కేంద్ర కార్యదర్శుల కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఏ మంత్రిత్వ శాఖైనా కొత్త చట్టం, లేదా చట్టం కింద నియమాలు తేవాలంటే ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాల. ఎందుకు తెస్తాండారో, దాంతో ఎవరికేమైతాదో మామూలు మాటల్లో ఒక వివరణ ఇయ్యాల. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని కూడా బయట పెట్టాల. వినడానికి ఎంత బాగుండాదో చూడండి. కానీ ఇది చట్టం కాదు, విధానం మాత్రమే. కుదరదనుకుంటే కారణం క్యాబినెట్ నోట్‌లో రాసుకొని శాఖ ముందుకు పోవచ్చు. ఆ నోట్ మనకు కనపడదు. పైగా సుంకం నోటిఫికేషన్ లాంటివి దీని పట్టుకే రావు.

పాటించకపోతే ఏమైతాదో మూడు సాగు చట్టాలు చూపించినాయి. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చి సెప్టెంబరులో చట్టాలయినాయి. ముందు కూర్చోబెట్టి మాట్లాడాల్సిన రైతులు తర్వాత ఢిల్లీ సరిహద్దులో ఏడాది కూర్చున్నారు. 2021 నవంబరు 29న పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్నది వేరే తగువు. ముందే అడిగుంటే ఒక నెల పట్టేది కదా అన్నదే నా మాట.

అడిగినా ఏ భాషలో అడుగుతారనేది ఇంకో చిక్కు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నియమాల కొత్త ముసాయిదా వచ్చింది. ఫ్యాక్టరీ, గని, ఆనకట్ట కట్టేముందు ఊర్లో ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెట్టాల, ఎవరికి మినహాయింపు అనేది తేల్చే నియమాలవి. మన మండలంలో పిన్నాపురం కొండల మీద నీళ్ళు పైకి తోడి కరెంటు తీసే పెద్ద ప్రాజెక్టు వచ్చింది, పక్కనే గని, శకునాల కాడ వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉండాది. కాబట్టి ఇట్లాంటి నియమాలు మనకు దూరపు సంగతులు కావు. ఆ ముసాయిదా ఇంగ్లీషు, హిందీలో పెట్టి అభిప్రాయం చెప్పమన్నారు. ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న గడువు ఆగస్టు 11 దాకా పొడిగించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి తర్జుమా చేయమన్నది. తెలుగులో చదువుకునే హక్కు కూడా కోర్టు మెట్లెక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

మనం తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడుగుతాంటారు. రాయొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణ చూడండి. తన బాధ తీర్చమని కేంద్రంలోని ఏ అధికారికైనా, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా విన్నపం పెట్టుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాది. ఇంగ్లీషు రాదని ఆగిపోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. ఇంకోటి, సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడే సంబంధించిన వాస్తవాలను ప్రభుత్వమే బయట పెట్టాల. పెట్టకపోతే పది రూపాయల దరఖాస్తుతో అడగొచ్చు.

గ్రామసభ ఉండాది కదా అంటారు. ఉండాది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి దానికి రాజ్యాంగంలో చోటిచ్చింది, అప్పుడు ప్రధాని మన నంద్యాల ఎంపీనే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు ఆమోదం తీసుకున్నారు. నేనూ పోయినాను. ఏ వంకకు పూడిక తీయాల, యాడ సీసీ రోడ్డేయాల అని మాట్లాడుకున్నాం. అయితే ఆ పనులు ఏ చట్టం కింద జరుగుతాయో ఆ చట్టం మీద మాట్లాడే చోటు అది కాదు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మస్టర్ రోల్ ఊరందరి ముందు చదివి లెక్క తేల్చే సామాజిక తనిఖీని పద్ధతిగా నిలబెట్టి దేశానికి చూపించింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2025 డిసెంబరులో ఆ చట్టం తీసేసి కొత్త చట్టం తెచ్చినారు. బిల్లు పెట్టిన వారంలోపే రెండు సభలూ దాటింది. వంక పూడికకు గ్రామసభ కావాల, చట్టం మార్చడానికి వారం చాలు!

అల్గోల్‌లో ఏడు రోజులు

ఇంతకీ మామూలు మనుషులు జాతీయ, రాష్ట్ర విధానాల మీద తీర్పు చెప్పగలరా? "వాళ్ళకేం తెల్సు" అనే మాటకు నాకు దొరికిన మంచి జవాబు మన తెలుగు నేల మీదే ఉండాది.

1999లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 పత్రం విడుదల చేసింది. దాని లెక్కలో భూమి మీద బతికేవాళ్ళు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాల. మిగతావాళ్ళు ఏం చేయాలనేది ఆ వాళ్ళనే అడగలేదు. 2001 జూన్ చివరి వారంలో మెదక్ జిల్లా జహీరాబాద్ కాడి అల్గోల్ ఊర్లో 'ప్రజాతీర్పు' పేరుతో ఒక జ్యూరీ కూర్చుంది. ఇరవై మంది లోపే. చిన్న, సన్నకారు రైతులే ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ముందు మూడు భవిష్యత్తులు పెట్టినారు. ఒకటి విజన్ 2020 దారి, ఇంకోటి ఎగుమతికి సేంద్రియ సాగు, మూడోది ఊరికి కావాల్సింది ఊర్లోనే పండించుకునే దారి. అధికారులు, కంపెనీ మనుషులు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చినారు. జ్యూరీ వాళ్ళను అడ్డంగా ప్రశ్నలేసింది. పద్ధతి సరిగ్గా జరుగుతాందా లేదా అని చూడ్డానికి వేరే పరిశీలకుల బృందం కూడా ఉన్నింది.

వాళ్ళు ఏ ఒక్క దారినీ ఉన్నదున్నట్టు ఎత్తుకోలేదు. తమకు కావాల్సినవి ఏరుకొని సొంత దారి రాసినారు. భూమి మీది జనాన్ని 40 శాతానికి దించడం వద్దు. భూములన్నీ కలిపేయడం, కాంట్రాక్టు సాగు వద్దు. కూలి పోగొట్టే యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు వద్దు. విత్తనం, అడవి మందుమొక్కలు ఊరి చేతిలో ఉండాల. ఈ తీర్పు లండన్ దాకా పోయింది, ఏంటికంటే రాష్ట్రానికి సాయం ఇస్తాండింది బ్రిటన్. ఆ దేశపు సాయం శాఖకు నివేదిక నచ్చలేదు. జ్యూరీ ఎంపిక సరిగా లేదని, చూపించిన చిత్రాలు ఒకవైపుకు వాలినాయని అభ్యంతరం పెట్టింది, పెద్ద రభసే అయింది.

ఎంపిక గురించి వాళ్ళన్న మాట పూర్తిగా కొట్టేయదగింది కాదు. నిర్వాహకుల చేతిలో ఎంపిక ఉంటే ఎవరైనా వేలు చూపిస్తారు. దానికి మందు చీటీ. ఐర్లాండ్‌లో 2016లో జనంలోనుంచి 99 మందిని యాదృచ్ఛికంగా తీసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తిని పైన కూర్చోబెట్టి పౌరసభ పెట్టినారు. గర్భస్రావం లాంటి నిప్పు లాంటి విషయం వాళ్ళ చేతిలో పెట్టినారు. నెలల తరబడి విన్నారు, సిఫారసు చేసినారు. 2018 మే 25న రెఫరెండం పెడితే 66 శాతం పైన ఔనన్నారు. నాకు నచ్చింది ఫలితం కాదు. నిపుణులు చెప్పేది వినడానికి మామూలు మనిషికి టైమిచ్చినారు, చెప్పినదానికి సర్కారు జవాబిచ్చింది. మన దగ్గర వెబ్‌సైట్‌లో కామెంట్ పెట్టమంటారు. పెట్టినదేమైందో ఎవరూ చెప్పరు.

మేమూ చీటీలు తీసినాం

చదివింది చాలక ఒక ఆదివారం మా ఊరి బడి వరండాలో చిన్నగా చేసి చూసినాం. ఓటర్ల జాబితా నుంచి పన్నెండు నెంబర్లు చీటీలేసి తీసినాం. తొమ్మిది మంది వచ్చినారు. ప్రశ్న ఒకటే: బయటి శనగలకు సుంకం ఉండాలా వద్దా? మా నాయన పేరు రాలేదు, బయట అరుగు మీద కూర్చొని విన్నాడు. నేను ముందే ఊహించుకున్నాను, మా ఊరు కదా, అందరూ సుంకం కావాలంటారని.

మొదట మాట్లాడింది కూలికి పోయే ఒక పెద్దమ్మ. "శనగ పీకేదీ మేమే నాయనా, శనగపప్పు కొనేదీ మేమే. రేటు పెరిగితే మీకు లాభం, మాకేంది?" వరండా చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు నడిచింది మాట. కౌలు రైతు ఒకాయన అన్నాడు, సుంకం ఎంతైనా సరే, విత్తేముందే చెప్పి పంట అమ్ముడయ్యేదాకా మార్చొద్దని. పెద్దమ్మ దానికి ఒప్పుకుంది, అయితే రేషన్ షాపులో శనగపప్పు కూడా ఇయ్యాలని పట్టుబట్టింది. కౌలాయన సరేనన్నాడు. సుంకం కావాలా వద్దా అన్న ప్రశ్న మాది. వాళ్ళు దాన్ని పక్కకు తోసి వేరే జవాబు చెప్పినారు. ఆ రెండు కోరికలూ ఏ టీవీ చర్చలోనూ నేను వినలేదు.

ఇవే రెండు కోరికలు తెలుగులో రాసి, తొమ్మిది మంది సంతకాలు, వేలిముద్రలతో కేంద్ర ఆహార, వినియోగదారుల వ్యవహారాల మంత్రిత్వ శాఖకొకటి, వ్యవసాయ శాఖకొకటి, నంద్యాల ఎంపీకొకటి రిజిస్టర్ పోస్టులో పంపినాం. 350వ అధికరణ అని పైన రాసినాను. పోస్టు రసీదులు మా నాయన తీసుకొని బీరువాలో గోడౌన్ రసీదు పక్కనే పెట్టినాడు. పొద్దున టీకి పోయేముందు నన్ను రోజూ అడుగుతాండాడు, "జవాబు వచ్చిందేమిరా?"