నగదు పరపతి: చేతులు మారిన పూచీ

బ్యాంకు నిర్ణయించిన పరిమితికి లోబడి, సరుకు కొన్నప్పుడు సొమ్ము తీసుకుంటూ, అమ్మకాల డబ్బు రాగానే జమ చేస్తూ, వాడుకున్న మొత్తానికి వాడుకున్న రోజులకే వడ్డీ చెల్లించే ఏర్పాటును నగదు పరపతి అంటారు. తెలుగు వ్యాపారుల వాడుకలో ఇదే సీసీ. ఈ పద్ధతికి పుట్టినిల్లు స్కాట్లాండ్. 1727లో ఏర్పడిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, మరుసటి ఏడాది ఎడింబరో వర్తకుడు విలియం హాగ్‌కు తన ఖాతాలోని సొమ్ముకు మించి 1,000 పౌండ్ల దాకా తీసుకునే వీలు కల్పించింది. తన నోట్లను చలామణిలోకి తేవాలన్న ఆత్రం కొత్త బ్యాంకుకూ ఉన్నందున ఈ ఏర్పాటు ఇరువురికీ కలిసివచ్చింది. లండన్ వర్తకుడు చెల్లింపుల కోసం కొంత సొమ్మును పెట్టెలో ఊరకే ఉంచుకోవలసి వస్తే, ఎడింబరో వర్తకుడు ఆ సొమ్మును కూడా సరుకులో పెట్టగలడని ఆడమ్ స్మిత్ 1776లో వివరించాడు. అయితే ఖాతా తెరవాలంటే పరపతి, భూవసతి గల ఇద్దరు పూచీ పడాలి. అంటే అటువంటి ఆప్తులు లేని చిన్న వ్యాపారికి ఆ తలుపు మూసే ఉండేది.

భారతదేశంలో ఈ పూచీ మనుషుల నుంచి సరుకుకు మారింది. 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌గా మారిన కలకత్తా బ్యాంకుకు భూమి, ఇళ్ల తనఖాపై అప్పివ్వడం నిషిద్ధం కాగా, కంపెనీ కాగితాలనబడే ప్రభుత్వ రుణపత్రాలు, బంగారం, త్వరగా చెడని సరుకులు హామీగా చెల్లేవి. నీలిమందు, నల్లమందు, ఉప్పు, పత్తి వంటి సరుకులపై నగదు పరపతి పందొమ్మిదో శతాబ్ది మూడో దశకం నుంచి ఊపందుకుంది. సరుకును బ్యాంకు స్వాధీనంలో ఉంచితే అది కుదువ. వర్తకుడి వద్దే ఉంచి, దానిపై బ్యాంకుకు హక్కు రాసిస్తే హైపాథికేషన్. నిల్వను రోజూ అమ్ముకుంటేనే బతికే చిన్న వ్యాపారికి ఈ రెండోదే ప్రాణాధారం.

సరుకే హామీ అయినప్పుడు, తక్కువ నిల్వతో ఎక్కువ వ్యాపారం చేసేవాడు నష్టపోతాడు. రిజర్వు బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ 1992లో ఈ చిక్కుకు న్యాయమైన పరిష్కారం చూపింది: చిన్న పరిశ్రమల నిర్వహణ పెట్టుబడికి, అంచనా వేసిన వార్షిక అమ్మకాల్లో కనీసం 20 శాతం బ్యాంకులు ఇవ్వాలని సిఫారసు చేసింది. అయినా బ్యాంకులు ఇల్లో పొలమో తనఖా అడగడం మానలేదు. 2000లో కేంద్ర ప్రభుత్వం, భారత చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు (సిడ్బీ) కలిసి రుణ హామీ నిధి ట్రస్టును నెలకొల్పడంతో, ఎడింబరోలో ఇద్దరు భూవసతిపరులు నిలబడిన చోట, పూచీదారు లేని వ్యాపారి తరఫున ఒక సంస్థ నిలబడింది.