కూలి దక్కని పోగు

తెలుగు నేతగాళ్లు మామిడి పిందె అని పిలుచుకొనే నమూనాకు ప్రపంచ వస్త్ర విపణిలో ఉన్న పేరు పెయిస్లీ. అది స్కాట్లాండులో, గ్లాస్గోకు పడమరగా కార్ట్ నది ఒడ్డున ఉన్న ఊరి పేరు. పిందె మాత్రం ఆ ఊరిది కాదు, కాశ్మీరు శాలువాలది. వాటిని అనుకరించడంలోనూ పెయిస్లీ మొదటిది కాదు. ఎడింబరో, నారిచ్ పట్టణాలు ముందే మొదలుపెట్టాయి. 1805 ప్రాంతంలో ఆలస్యంగా రంగంలోకి దిగి, చౌకగా నేసి, ఆ రెంటినీ దాటిపోయింది. వ్యాపారం పేరు పెట్టేది పుట్టించినవారిని చూసి కాదు, ఎక్కువగా అమ్మినవారిని చూసి.

ఆ నేతగాళ్లు పుస్తకాలు చదివేవారు, పద్యాలు కట్టేవారు, రాజకీయాలు వాదించేవారు. రాబర్ట్ టానహిల్ మగ్గం మీదనే కవి అయ్యాడు. అలెగ్జాండర్ విల్సన్ ఒక మిల్లు యజమానిని ఎగతాళి చేస్తూ పద్యం రాసి జైలుకు వెళ్లాడు. దానిని నలుగురి ముందు తన చేతులతోనే కాల్చవలసి వచ్చింది. 1794లో అమెరికా చేరిన ఆ నేతగాడే అక్కడి పక్షిశాస్త్రానికి ఆద్యుడుగా నిలిచాడు.

అయితే ఆ ఊరు నేటికీ పండుగగా తలచుకొనేది ఒక సన్నని దారాన్ని. నాడె ఒకసారి ఇటు నుంచి అటు పోతే ఒక ‘షాట్’. శాలువాలో రంగు పేకల మధ్య ఒక సన్నపేక పడేది. స్కాట్ల యాసలో ‘స్మా షాట్’. అది పైకి కనబడదు. అది లేకపోతే నేత నిలవదు. యజమానులు కనబడే రంగు పేకలకే కూలి కట్టేవారు. సన్నపేకకు కూలి లేకపోగా, ఆ నూలు ఖర్చు కూడా నేతగాడిదే. 1840ల తొలినాళ్లలో కంపెనీలు వరుసగా దివాలా తీసి ఊరు పస్తులున్నప్పుడు, విక్టోరియా రాణి పెయిస్లీ శాలువాలు కొని ఆదరణ చూపింది. ఆదరణ వేరు, లెక్క వేరు. దీర్ఘకాలపు పోరు తరువాత 1856 జూలైలో యజమానులు దిగివచ్చారు. నేటికీ జూలై మొదటి శనివారం ఆ ఊళ్లో చార్ల్స్‌టన్ డప్పు మోగుతుంది, యజమాని దిష్టిబొమ్మ తగలబడుతుంది.

గెలుపు ఎంతోకాలం నిలవలేదు. 1870లలో వెనుకభాగం ఉబ్బెత్తుగా ఉండే గౌన్లు వచ్చాయి; వాటి మీద శాలువా కుదరలేదు. మగ్గాలు ఆగాయి. అప్పటికే క్లార్క్, కోట్స్ కుటుంబాల కుట్టుదారం మిల్లులు ఊరిని ఆక్రమించాయి. వాటిలో పనిచేసినవారు అత్యధికంగా స్త్రీలు. 1896లో ఆ రెండు సంస్థలూ ఏకమయ్యాయి. 1990ల నాటికి మిల్లులు మూతబడ్డాయి. క్లార్కుల లంగరు గుర్తు మాత్రం బతికే ఉంది: తెలుగిళ్లలో జాకెట్ల మీద, దిండు గలీబుల మీద పువ్వులు కుట్టే యాంకర్ దారం అదే.