హెచ్‌ఐవీ రక్తపరీక్ష: భయం, నిరీక్షణ, హక్కు

హెచ్‌ఐవీ సోకిందో లేదో తేల్చే తొలి రక్తపరీక్షకు 1985 మార్చిలో అమెరికాలో అనుమతి లభించింది. మరుసటి ఏడాదే మద్రాసులో దాని అవసరం పడింది. మద్రాసు వైద్య కళాశాల ఆచార్యురాలు సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సెక్స్‌వర్కర్ల రక్తనమూనాలు సేకరించారు. వాటిని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షిస్తే ఆరింటిలో వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. అమెరికాలో మళ్లీ పరీక్షించినా అదే తేలింది. ఈ జబ్బు మన దేశానికి రాదన్న ధీమా అక్కడితో చెదిరిపోయింది.

ఆ తొలి ఏళ్లలో జనం జబ్బుకు ఎంత భయపడ్డారో, ఫలితం బయటపడటానికీ అంతే భయపడ్డారు. అది అకారణ భయమేమీ కాదు. 1989లో గోవాలో రక్తదానం చేసిన డొమినిక్ డిసౌజాకు హెచ్‌ఐవీ ఉందని తేలగానే, అప్పటి రాష్ట్ర చట్టం కింద ఆయన్ని రెండు నెలలకు పైగా నిర్బంధించారు. జబ్బుపడ్డ మనిషిని నేరస్థుడిలా చూస్తే పరీక్షకు ఎవరు ముందుకొస్తారు? రోగాన్ని అదుపు చేయడానికని చేసిన చట్టమే అది దాగి ఉండటానికి కారణమైంది.

పరీక్ష స్వభావం కూడా ఆందోళనను పెంచింది. తొలితరం ఎలైజా పరీక్షలు వైరస్‌ను నేరుగా కాక, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే యాంటీబాడీలను గుర్తించేవి. అవి తగినంతగా తయారయ్యేదాకా, వైరస్ ఒంట్లో ఉన్నా ఫలితం నెగెటివ్‌గానే వచ్చేది. ఈ వ్యవధినే విండో పీరియడ్ అంటారు. అందుకే నెలల తరబడి ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోమనేవారు. నిద్రలేని ఆ నెలల్లో మామూలు జ్వరం వచ్చినా, ఒంటి మీద దద్దు కనిపించినా గుండె జారిపోయేది. నిజానికి లక్షణాలను బట్టి హెచ్‌ఐవీని తేల్చలేం.

హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అవగాహన ప్రచారంలో భాగంగా 2000వ దశకం తొలి ఏళ్లలో అక్కడ ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు ఊరూరా కనిపించాయి. ఎవరీ పులిరాజా అని జనం ఒకరినొకరు అడిగారు. గుసగుసలకే పరిమితమైన సంగతి బహిరంగ చర్చకు రావడం ఆ ప్రచారం సాధించిన మేలు.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక పరీక్షకు అర్థమే మారింది. పాజిటివ్ అని తెలియడం చికిత్సకు తొలి మెట్టయింది. 2017లో వచ్చిన చట్టం అంగీకారం లేకుండా పరీక్ష చేయడాన్ని, వివరాలు బయటపెట్టడాన్ని, వివక్ష చూపడాన్ని నిషేధించింది. గోవా నిర్బంధం నుంచి ఈ హక్కుదాకా రావడానికి దేశానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఇంత ఆలస్యం క్షమించరానిది.

నిరీక్షణ కూడా తగ్గింది. వైరస్ భాగాన్నీ యాంటీబాడీలనూ కలిపి చూసే ల్యాబ్ పరీక్ష సాధారణంగా 18 నుంచి 45 రోజుల్లో సోకిన సంగతి పట్టుకుంటుంది. యాంటీబాడీలు మాత్రమే చూసే పరీక్షకు 23 నుంచి 90 రోజులు పడుతుంది. కండోమ్ లేని కలయిక, ఇతరులు వాడిన సూది వంటి ప్రమాదం ఎదురైతే 72 గంటల్లోపే వైద్యుణ్ని కలవాలి. అవసరమైతే 28 రోజుల నివారణ మందులు మొదలుపెడతారు. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో కౌన్సెలింగ్, పరీక్ష ఉచితం; వివరాలు గోప్యంగా ఉంచుతారు. సందేహం ఉన్నవారు 1097 హెల్ప్‌లైన్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.